రొట్టె నలుసు కోసం ఇల్లంతా సోదా

పెసాహ్ పండగ పని మా ఇంట్లో కోటు జేబులతో మొదలవుతుంది. చలికాలమంతా వాడిన కోట్లు మంచం మీద పరిచి, జేబులు బయటికి లాగి, కుట్ల వెంట చేరిన నలుసుల్ని పాత టూత్‌బ్రష్‌తో దులుపుతాం. అజమాయిషీ అంతా సవ్తాదే. ఇజ్రాయెల్‌లో అమ్మమ్మనీ నాయనమ్మనీ కూడా సవ్తా అనే పిలుస్తారు. చక్రాల కుర్చీలోంచే ఆవిడ చెబుతుంటుంది: "ఆ నీలం కోటు ఎడమ జేబు చూడు. క్లినిక్‌లో కూర్చున్నప్పుడు బిస్కెట్ తిన్నాను." మతిమరుపు వచ్చిందని పిల్లలు బెంగపడే మనిషికి, ఏ జేబులో ఏం పడిందో మాత్రం ఇట్టే గుర్తుంటుంది.

మాది రాజోలు వైపు పల్లె. ఇజ్రాయెల్‌లోని పెతాహ్ తిక్వా ఊళ్ళో సవ్తా ఇంట్లో ఉంటూ, పెద్దవాళ్ళని చూసుకునే పనిలో ఉన్నాను. గోదావరి జిల్లాల నుంచి, నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి ఇదే పని మీద వచ్చిన తెలుగువాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు. ఏడాదిలో మమ్మల్ని బాగా తికమక పెట్టేది ఈ పండగే. సంక్రాంతికి ఇల్లు కడిగినట్టు కడగడమేగా అనుకుని దిగితే ఒక్క పనీ సవ్యంగా సాగదు.

మన బైబిల్లో పస్కా అని చదువుకున్నదే ఈ పెసాహ్. ఐగుప్తు బానిసత్వం నుంచి ఇశ్రాయేలీయులు బయటపడ్డ రాత్రికి గుర్తు. పిండి పులిసేదాకా ఆగే వ్యవధి లేక పొంగని రొట్టెలే కాల్చుకున్నారని కథ. హీబ్రూ పంచాంగంలో నీసాన్ నెల పున్నమికి వస్తుంది. అది చాలా ఏళ్ళలో మన చైత్ర పున్నమే. 2026లో ఉగాది మార్చి 19న, పెసాహ్ మొదటి రాత్రి ఏప్రిల్ 1న. ఇజ్రాయెల్‌లో పండగ 7 రోజులు, బయటి దేశాల యూదులకు ఎక్కువమందికి 8 రోజులు.

ఇంట్లోంచి పోవలసిన దాని పేరు హమెత్స్. గోధుమ, బార్లీ, ఓట్స్, రై, స్పెల్ట్ అనే ఐదు ధాన్యాల్లో దేని పిండికైనా నీళ్ళు తగిలాక 18 నిమిషాల్లో కాల్చకపోతే పులిసినట్టే లెక్క. రొట్టె, బిస్కెట్, సేమ్యా, బీరు, విస్కీ అన్నీ ఆ కిందికే వస్తాయి. పండగలో తినే మత్సాకీ గోధుమపిండే వాడతారు. కాకపోతే కలిపినప్పటి నుంచి కాలేదాకా ఆ గడువు దాటనివ్వరు. హమెత్స్‌ని తినకూడదు, కంటపడనీయకూడదు, సొంత ఆస్తిగా ఉంచుకోనూ కూడదు. మిగతా చాకిరీ అంతా ఈ మూడో నియమం చుట్టూ తిరుగుతుంది.

ఈ లెక్కన బూజు హమెత్స్ కాదు, కిటికీ మీది దుమ్మూ కాదు. మా ఇంట్లో తల్లీకూతుళ్ళకు ఏటా గొడవ దీని మీదే. కూతురు నిచ్చెన వేసుకుని పరదాలు విప్పబోతుంది. సవ్తా కింద నుంచి అడుగుతుంది: "ఆ పరదా మీద కూర్చుని ఎవరు తిన్నారే?" కూతురు వినదు. చాలా ఇళ్ళలో వసంతకాలపు దులుపుడు, పెసాహ్ పని కలిసిపోయి ఆడవాళ్ళ నడుములు విరుగుతాయి. మా ఒప్పందం ప్రకారం నా పని సవ్తాని చూసుకోవడం, ఇల్లంతా కడగడం కాదు. పండగకు ముందే బడులకు సెలవులిస్తారు కనుక బరువు పనులు మనవల మీద పడతాయి.

సవ్తాకి సంబంధించిన మూలలు మాత్రం నావి. చక్రాల కుర్చీలో మెత్తకీ వీపుకీ మధ్య సందు, నడక బండికి తగిలించిన బుట్ట, ఆసుపత్రి మంచం పక్క కమ్మీలు. మత్సా ముక్క అక్కడ పడినా ఫరవాలేదు, రస్కు ముక్క పడకూడదు. భోజనమయ్యాక చెప్పుకునే ప్రార్థన పుస్తకాల్ని బాల్కనీలో తిరగేసి దులుపుతాం, ఏడాదంతా అన్నం బల్ల మీద ఉంటాయి కనుక. మాత్రల విషయంలో కంగారుపడేవాళ్ళూ ఉంటారు. వాటిలో గంజిపొడి కలుస్తుంది మరి. ఇక్కడి ఆరోగ్య బీమా సంస్థలు పండగకు వాడదగ్గ మందుల జాబితాలు విడుదల చేస్తాయి. జబ్బుమనిషి రోజూ మింగే చప్పటి మాత్ర ఆపనక్కర్లేదని యూదు మతగురువులైన రబ్బీలే చెబుతారు. కాబట్టి ఎవరి మాటా విని మాత్ర ఆపేయకుండా ముందు డాక్టరుని అడగడం మాలాంటివాళ్ళ బాధ్యత.

పడక గదులు ముందు, వంటగది చివర. అక్కడ నియమం చెప్పడానికి తేలిక: పాత్ర ఏ దారిన హమెత్స్‌ని పీల్చుకుందో ఆ దారినే కక్కించాలి. ఉడకబెట్టిన గిన్నెని బాగా తోమి, ఒక రాత్రీ పగలూ వాడకుండా ఉంచి, సలసల కాగే నీళ్ళలో ముంచాలి. నిప్పు మీద కాల్చిన ఇనప చువ్వని మళ్ళీ ఎర్రగా కాల్చాలి. మట్టిపాత్రకు మాత్రం విముక్తి లేదు. సింకు మీద మరిగే నీళ్ళు పోస్తారు, గట్టు మీద అల్యూమినియం రేకు పరుస్తారు. గిన్నెలు తీసుకెళ్తే ముంచి ఇవ్వడానికి వీధిలోనే పెద్ద గంగాళాలు కాగుతుంటాయి. గరిటెలు, మూతలు, మూకుళ్ళు పట్టుకుని జనం వరసలో నిలబడతారు. ఆవిరిలో అందరి కళ్ళద్దాలూ మసకేసి ఉంటాయి.

స్తోమత ఉన్న ఇళ్ళలో పెసాహ్ సామాను వేరే ఉంటుంది. స్నానాల గది పైనో నడవా పైనో ఉండే అటకను ఇక్కడ బోయిదెం అంటారు. పెద్ద మనవడు పైకెక్కి పెట్టెలు దింపుతాడు. ఏడాదికి వారం రోజులే బయటికొచ్చే పళ్ళాలవి. ఒక్కొక్క దాన్ని చుట్టిన న్యూస్‌పేపర్ విప్పుతూ, అందులోని పాత వార్త సవ్తా గట్టిగా చదువుతుంది.

బజారు కూడా మారిపోతుంది. సూపర్‌మార్కెట్లో హమెత్స్ ఉన్న అరలను తెల్ల ప్లాస్టిక్ తెరలతో కప్పేస్తారు. పండగ రోజుల్లో హమెత్స్‌ని అమ్మకానికి బాహాటంగా ప్రదర్శించకూడదని 1986లో చట్టం చేశారు.

ఇక నా అలమర. పండగ ముందు నేను దానిముందు కూర్చుని డబ్బాల మీది చిన్నచిన్న అక్షరాలు చదువుతాను. సేమ్యా, ఉప్మా రవ్వ గోధుమవే, సందేహం లేదు. ఇంగువ? డబ్బాలో వచ్చే మన కూటు ఇంగువలో చాలావాటిల్లో గోధుమపిండి కలుపుతారు. చిటికెడు ఇంగువలో హమెత్స్ ఉంటుందని మా అమ్మకు ఫోన్లో చెబితే, "మీ ముసలావిడకి ముక్కు గట్టిదే" అని నవ్వింది. పులిసిన దోసెల పిండి సంగతేమిటని మీరడగవచ్చు. బియ్యం, మినుములు ఆ ఐదు ధాన్యాల్లో లేవు. రెండురోజులు పులిసినా అది హమెత్స్ కాదు. అయినా సవ్తా వంటగదిలోకి దానికి ప్రవేశం లేదు, వేరే కారణాన.

సవ్తా వాళ్ళు పోలండ్ నుంచి వచ్చిన కుటుంబం. వాళ్ళలాంటి ఐరోపా యూదుల్ని అష్కెనాజీలంటారు. వాళ్ళు నిషిద్ధ ధాన్యాలకు తోడు బియ్యం, పప్పులు, మొక్కజొన్న, ఆవాలు, నువ్వులు కూడా పెసాహ్‌లో తినరు. ఈ కోవకు కిత్నియోత్ అని పేరు. పిండి పట్టిస్తే గోధుమపిండిలా కనిపిస్తాయని, సంచుల్లో గోధుమలు కలుస్తాయని మధ్యయుగంలో పుట్టిన ఆచారం. నువ్వుల నూనె, ఆవపిండి కలిసిన మా ఆవకాయ రెండు విధాలా దోషి అన్నమాట.

కింది అంతస్తులో ఇరాకీ యూదు దంపతులున్నారు. వాళ్ళకి అన్నం లేని పెసాహ్ లేదు. కాని బియ్యాన్ని మూడుసార్లు ఏరాలి. ఆవిడ పొద్దున్నే వెలుతురొచ్చే కిటికీ దగ్గర బల్ల మీద తెల్లగుడ్డ పరిచి బియ్యం పోస్తుంది. చూపుడువేలితో నాలుగేసి గింజల్ని ఇటునుంచి అటు తోస్తుంది. చిన్నప్పుడు చేటలో రాళ్ళూ వడ్లూ ఏరిన చేతులు నావి. నేను పక్కన కూర్చుంటే ఆవిడకి సంతోషం. ఇక్కడ వెతికేది గోధుమ గింజని. అలవాటున మట్టిబెడ్డ కనబడి తీసి పక్కన పెడితే, "అది ఉన్నా ఫరవాలేదు" అంటుంది. మూడోసారి ఏరేటప్పుడు మాట్లాడదు, నన్నూ మాట్లాడనివ్వదు.

గుంటూరు దగ్గర చేబ్రోలు కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారాలు పాటించే బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు సమాజం ఉందని సవ్తాకి ఒకసారి చెప్పాను. ఆవిడ వేసిన మొదటి ప్రశ్న: "పెసాహ్‌లో అన్నం తింటారా?" అన్నం మానేసే తెలుగింటిని ఊహించడం నావల్ల కాదన్నాను.

నా ఇంగువని మరి పారేయాలా? అక్కర్లేదు. నేను యూదురాలిని కాను, ఆ డబ్బా నా ఆస్తి. వాళ్ళ బాధ్యతలో లేకుండా, నా గదిలో విడిగా మూసి ఉంటే వాళ్ళకి దోషం లేదు. నేను రొట్టె తినాలంటే బయట తిని వస్తాను. ఆ పాటి మర్యాద చాలు.

వాళ్ళ సొంత సరుకుకి ఇంకో దారి ఉంది: అమ్మేయడం. సవ్తా భర్త దాచుకున్న విస్కీ సీసాలు ఆయన పోయాక కూడా ఇంట్లోనే ఉన్నాయి. వాటిని అలమరలో పెట్టి టేపు అంటిస్తారు. తమ తరపున అమ్మే అధికారాన్ని కాగితం మీద రబ్బీకి రాసిస్తారు, ఆయన యూదేతరుడికి అమ్ముతాడు. పండగ అయ్యాక అవి తిరిగి వచ్చేస్తాయి. ఇది ఉత్తుత్తి ఆట కాదు, బయానాతో సహా చెల్లే బేరం. ఇజ్రాయెల్ ప్రభుత్వం కూడా తన హమెత్స్‌ని ఇలాగే అమ్ముతుంది. 1997 నుంచి ఏళ్ళ తరబడి దాన్ని కొన్నది జెరూసలేం దగ్గరి అబూ ఘోష్ ఊరి అరబ్బు, హోటల్ మేనేజర్ జాబిర్ హుస్సేన్.

ఇంత చేశాక, పండగ ముందటి రాత్రి చీకటి పడ్డాక చివరి సోదా. బోసిగా ఉన్న ఇంట్లో వెతికితే దొరికేదేముంటుంది? అందుకని కాగితంలో చుట్టిన రొట్టె ముక్కలు పది ముందే దాస్తారు. ఎక్కడ దాచిందీ కూతురు చీటీ మీద రాసుకుంటుంది. లైట్లు ఆర్పి, కొవ్వొత్తి, ఈక, చెక్క గరిటె పట్టుకుని పిల్లలు మూలమూలా తిరుగుతారు. దొరికిన ముక్కని ఈకతో గరిటెలోకి తోస్తారు. మర్నాడు పొద్దున వాటిని కాల్చేస్తారు.

సోదా అయ్యాక ఇంటి పెద్దగా సవ్తా అరామిక్ భాషలో ఒక ప్రకటన చదువుతుంది. నా కంటపడని హమెత్స్ ఏదైనా ఉంటే అది ఇక నాది కాదు, నేలమీది ధూళితో సమానం అని దాని సారం. అంటే సోఫా సందులో ఇంకా ఏదైనా మిగిలి ఉన్నా దోషం లేదు. శ్రద్ధగా వెతకమని చెప్పిన ధర్మమే, వెతికింది చాలు అని కూడా చెబుతుంది. ఈ రెండో సగాన్ని మర్చిపోయినవాళ్ళే పరదాలు ఉతుకుతారు.

ఆ పైన, పండగ మొదటి రాత్రి చేసే సేదెర్ విందు. పళ్ళెంలో కాల్చిన ఎముక, కాల్చిన గుడ్డు, చేదుకు లెట్యూస్ ఆకు, ఉప్పునీళ్ళలో ముంచే ఆకుకూర, యాపిల్, వాల్‌నట్, దాల్చినచెక్క, ద్రాక్షసారా కలిపిన తీపి ముద్ద అమరుస్తారు. నాలుగు గ్లాసుల ద్రాక్షసారా, చిన్నపిల్ల అడిగే ప్రశ్నలు, అర్ధరాత్రి దాకా ఐగుప్తు కథ. సవ్తా అంతసేపు కూర్చోవాలంటే మధ్యాహ్నం గంటసేపైనా పడుకోబెట్టాలి. అది నా వంతు ఏర్పాటు.

ఈ పనికి కొత్తగా వచ్చే మన అమ్మాయిలకీ అబ్బాయిలకీ నేను చెప్పేది కొద్దిమాటే. ఇంట్లో వాళ్ళది ఏ ఆచారమో, అన్నం వండుకోవచ్చో లేదో ముందే అడగండి. మీ సరుకు మీ గదిలో విడిగా పెట్టుకోండి. ఏ పని మీది, ఏది కాదో పండగకు ముందే మాట్లాడుకోండి. హద్దులు గీయడమే ఈ పండగ పని కనుక ఆ మాట అడిగితే వాళ్ళు తప్పు పట్టరు. ఇంగువ డబ్బా వెనక అక్షరాలు మాత్రం ఒకసారి చదువుకుని రండి.