కొండ మీది నగరానికి తరలే ముందు: సిమ్లాను మనం ఎట్లా విచారించాలి?

ఊరు మారడం మనవాళ్ళకు కొత్త కాదు. 1985లో కారంచేడు నుంచి చీరాలకు, 1991లో చుండూరు నుంచి తెనాలికి కట్టుబట్టలతో చేరారు. పోయే ఊరు ఎట్లాంటిదో విచారించుకునే తీరిక ఆనాడు ఎవరికీ లేదు. కరువు తరిమితే బొంబాయి బండెక్కిన పాలమూరు కూలీలకూ ఆ తీరిక లేదు. ఇవాళ ఇంకో రకం ప్రయాణం కూడా మొదలైంది. విశ్వవిద్యాలయాల దాకా వచ్చిన దళిత పిల్లలు ఫెలోషిప్పుల మీదా, ఉద్యోగాల మీదా దూర ప్రాంతాలకు, కొండ నగరాలకు పోతున్నారు. వీళ్ళకి నెలో రెండు నెలలో గడువుంటుంది. ఆ గడువులో ఏం తెలుసుకోవాలన్నదే ఇక్కడ మేము చర్చించదలచుకున్న విషయం.

మామూలుగా అడిగే ప్రశ్నలు మూడు: చలి ఎంత? అద్దె ఎంత? అన్నం దొరుకుతుందా? అవసరమైనవే. కానీ ఈ మూడింటితో ఆపేస్తే ఊరు సగమే తెలుస్తుంది. నీళ్ళు ఎవరికి చివర వస్తాయి, కుంగే నేల మీద ఎవరి ఇళ్ళున్నాయి, మన కుల ధ్రువపత్రం అక్కడ చెల్లుతుందా, ఇల్లు అద్దెకిచ్చేవాడు మన ఇంటిపేరుతో ఏం చేస్తాడు - ఇవి కూడా ఊరి గురించిన ప్రశ్నలే. ఉదాహరణకి సిమ్లాను తీసుకుందాం. 2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు 1 లక్షా 70 వేల మంది ఉన్న నగరం. మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. ఉన్నత విద్యా పరిశోధన సంస్థ, రాష్ట్ర విశ్వవిద్యాలయం, కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ ఉండటంతో చదువుకున్నవాళ్ళు తరచూ చేరే చోటు.

వాలు మీద ఊరు

సిమ్లా సముద్ర మట్టానికి దాదాపు 2,200 మీటర్ల ఎత్తున, ఒక కొండ వెన్ను మీదా దాని వాలుల మీదా ఉంది. మన ఊళ్ళో మాలపల్లె ఎక్కడ, మాదిగగూడెం ఎక్కడ అని అడిగితే ఊరి నిర్మాణం తెలిసిపోతుంది. సిమ్లాలో ఆ ప్రశ్నని ఎత్తుపల్లాల లెక్కన అడగాలి. పైన రిడ్జ్, మాల్ రోడ్డు. వాటి కింద లోయర్ బజారు. ఇంకా కిందికి దిగితే కృష్ణానగర్. పారిశుధ్య పని చేసే వాల్మీకి కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉండే బస్తీ అది. ఈ కుటుంబాల్లో చాలావాటి మూలాలు పంజాబ్ మైదానాల్లో ఉన్నాయి. అంటే వీళ్ళు కూడా ఈ కొండకి తరలి వచ్చినవాళ్ళే. వైస్రాయిల వేసవి రాజధానిని ఊడ్చడానికి, పాయిఖానాలు ఎత్తడానికి మనుషులు కావలసి వచ్చారు. వాళ్ళకి ఇల్లు ఎక్కడ అన్న ప్రశ్నకు మాత్రం ఏ ప్లానులోనూ సరైన జవాబు లేదు.

1888లో పూర్తయిన వైస్రాయి భవనంలోనే ఇప్పుడు ఉన్నత విద్యా పరిశోధన సంస్థ నడుస్తోంది. 1965లో దాన్ని ప్రారంభించింది రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. పర్యాటకుల పుస్తకాలన్నీ ఈ భవనం అందాన్ని వర్ణిస్తాయి. ఆ రోజుల్లో దొరల్నీ దొరసానుల్నీ రిక్షాల్లో కూర్చోబెట్టి వాలు ఎక్కించిన మనుషుల గురించి ఒక వాక్యంతో సరిపెడతాయి. చుట్టుపక్కల కొండ సంస్థానాల్లో ప్రజలు అధికారుల సామాన్లు కూలి లేకుండా మోయాల్సి వచ్చేది. దాని పేరు బేగార్. 1920-21లో కోట్‌గఢ్ ప్రాంతంలో ఉండిన శామ్యూల్ స్టోక్స్ ఈ బేగార్‌కి వ్యతిరేకంగా ఉద్యమం నడిపాడు. తెలంగాణ పాఠకులకి ఈ మాట కొత్తగా వినిపించదు. మన ఊళ్ళలో వెట్టి చేసిన మాలలని బేగరి అని పిలిచింది ఈ మాటతోనే. రెండు వేల కిలోమీటర్ల దూరంలో కూడా మన వెట్టి పేరు మనకి ఎదురవుతుంది.

నేటికీ మాల్ రోడ్డు మీదికి మామూలు వాహనాలు రానివ్వరు. గ్యాస్ సిలిండరు, మంచం, బీరువా ఏదైనా మనిషి వీపు మీదే పైకెక్కాలి. ఈ పని చేసేవాళ్ళలో చాలామంది కాశ్మీరు నుంచి వచ్చే ముస్లిం కూలీలు. ఇల్లు చూసేటప్పుడు రోడ్డు నుంచి ఎన్ని మెట్లు అని లెక్కపెట్టుకోవాలి. ముసలి తల్లిదండ్రుల్ని తీసుకెళ్ళేవాళ్ళకైతే ఈ లెక్క అద్దె కన్నా ముఖ్యం.

నీళ్ళు

కొండ మీద వాన పడుతుంది, మంచు పడుతుంది, నీళ్ళకేం కొదవ అనుకుంటాం. వాలు మీద పడ్డ నీళ్ళు నిలవవు, కిందికి పోతాయి. సిమ్లాకి నీళ్ళు లోయల్లోని వాగుల నుంచి, గిరి నది నుంచి పంపులతో ఎక్కించాలి. గుమ్మా అనే చోటి నుంచి వెయ్యి మీటర్లకు పైగా ఎత్తి పోస్తారు. కరెంటు పోయినా, వానాకాలంలో వాగు బురదైనా, ఎండాకాలంలో వాగు సన్నగిల్లినా కొళాయి ఆగుతుంది.

2018 మే, జూన్ నెలల్లో నగరం ఎండిపోయింది. జనం బిందెలతో రోడ్ల మీదికి వచ్చారు. చివరికి హైకోర్టు కలగజేసుకుని, మంత్రుల ఇళ్ళకీ అధికారుల ఇళ్ళకీ న్యాయమూర్తుల ఇళ్ళకీ ట్యాంకర్లు పంపొద్దని ఆదేశించాల్సి వచ్చింది. కోర్టు పంపొద్దని చెప్పాల్సి వచ్చిందంటే నీళ్ళ వరస ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు. అంతకుముందు 2015 చివర, 2016 మొదట్లో వెయ్యి మందికి పైగా కామెర్ల బారిన పడ్డారు. మల్యాణా మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచి వచ్చిన మురుగు అశ్వనీ వాగులో కలిసింది. ఆ వాగు నీళ్ళే ఊరు తాగింది.

కాబట్టి ఇంటివాడిని అడగాల్సింది 'నీళ్ళు వస్తాయా' అని కాదు. వస్తాయనే అంటాడు. ఎన్ని రోజులకొకసారి వస్తాయి, ఎంతసేపు, పైకప్పు మీద తొట్టి ఎన్ని లీటర్లది, 2018లో ఈ ఇంటికి ఏ తేదీ దాకా నీళ్ళు రాలేదు - ఇట్లా అడగాలి. అదే ప్రశ్న ఆ వీధి ఊడ్చే మనిషిని కూడా అడగాలి. రెండు జవాబుల మధ్య తేడాయే మనకి కావలసిన సమాచారం.

నేల

2023 ఆగస్టు 14న సమ్మర్‌హిల్‌లో కొండచరియ విరిగి శివాలయం మీద పడింది. 20 మంది చనిపోయారు. దేశమంతా ఆ వార్త చదివింది. మర్నాడే, ఆగస్టు 15న, కృష్ణానగర్‌లో కబేళా భవనమూ దాని పక్కనున్న ఇళ్ళూ కూలాయి. ఇద్దరు చనిపోయారు, ఎన్నో కుటుంబాలు నిలువ నీడ లేనివయ్యాయి. ఈ రెండో వార్త త్వరగానే మరుగున పడింది. కృష్ణానగర్ నేల కుంగుతున్నదని అంతకుముందే తెలుసు. రిడ్జ్ ఉత్తరపు వాలూ, లక్కర్ బజారూ కూడా కుంగే నేలలే. అయితే రిడ్జ్ కుంగితే గోడలు కట్టి నిలబెడతారు. బస్తీ కుంగితే అక్రమ కట్టడాలు అంటారు.

2017 నవంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ సిమ్లాలో రెండంతస్తులు, పైన అటక మించి కట్టకూడదని, నగరం నడిబొడ్డునా అడవి భాగాల్లోనూ కొత్త కట్టడాలే వద్దని ఆంక్షలు పెట్టింది. 2024 జనవరిలో సుప్రీం కోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, 2041 దాకా వేసిన అభివృద్ధి ప్రణాళికను అనుమతించింది. ఇల్లు వెతికేవాళ్ళకి ఇందులో పాఠం ఒకటే. నిట్టనిలువు వాలు మీద ఐదారంతస్తులు లేచిన ఇంట్లో తక్కువ అద్దెకి కింది గది దొరుకుతుందంటే, ఆ తక్కువకి కారణం ఉంటుంది. గోడల్లో పగుళ్ళు, వానాకాలంలో ఇంటి వెనకాల మురుగు పోయే దారి, ఎండ తగిలే వైపు - ఈ మూడూ చూడాలి. ఉత్తరపు వాలున చలికాలమంతా మంచు కరగకుండా ఉండిపోతుంది. జులై, ఆగస్టుల్లో ఒకసారి, జనవరిలో ఒకసారి చూసినవాళ్ళ మాటే నమ్మాలి. మే నెలలో విహారానికి పోయొచ్చినవాళ్ళ మాట పనికిరాదు.

కాగితం కొండెక్కుతుందా?

మన దగ్గర ఇప్పుడు వర్గీకరణ మీద వాదం నడుస్తోంది. 2024 ఆగస్టు 1న సుప్రీం కోర్టు ఉప వర్గీకరణకి దారి ఇచ్చింది, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ చట్టం అమల్లోకి వచ్చింది. ఏ గ్రూపులో ఎవరు అన్నది ఇక్కడి ప్రశ్న. హిమాచల్ షెడ్యూల్డ్ కులాల జాబితాలో మాల, మాదిగ పేర్లే లేవు. అక్కడి జాబితాలో కోలీ, చమార్, డాగీ, వాల్మీకి, లోహార్ మొదలైన కులాలుంటాయి. ఇనుము కొట్టే లోహార్ అక్కడ షెడ్యూల్డ్ కులం, మన దగ్గర కమ్మరి బీసీ. 341వ అధికరణం కింద జాబితా రాష్ట్రానికొకటి కాబట్టి ఇట్లా ఉంటుంది.

దీని ఫలితం ఏమిటో 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో తేలింది. ఆంధ్రలో షెడ్యూల్డ్ తెగకు చెందిన విద్యార్థి బొంబాయి వైద్య కళాశాలలో ఆ కోటా సీటు అడిగాడు. రాష్ట్రం మారితే ఆ హోదా వెంట రాదని సుప్రీం కోర్టు చెప్పింది. 2018లో బీర్ సింగ్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్నే బలపరిచింది. అర్థం ఏమిటంటే: కేంద్ర సంస్థల్లో, కేంద్ర ఉద్యోగాల్లో మన కాగితం చెల్లుతుంది. హిమాచల్ రాష్ట్ర ఉద్యోగాల్లో, రాష్ట్ర కాలేజీల కోటాలో చెల్లదు. మెట్రిక్ తర్వాతి ఉపకారవేతనం కూడా విద్యార్థి స్వరాష్ట్రమే ఇవ్వాలన్నది నియమం. భర్తకి కేంద్ర సంస్థలో పని దొరికి కుటుంబం తరలిపోతే, భార్య అక్కడి రాష్ట్ర ఉద్యోగానికి జనరల్‌లోనే పోటీ పడాలి. బయల్దేరకముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవలసిన సంగతి ఇది.

దాడి జరిగితే? కులమైతే మారదు గదా, రక్షణ ఎట్లా ఆగుతుంది? 2023లో బొంబాయి హైకోర్టు పూర్తి ధర్మాసనం ఈ ప్రశ్నకే జవాబిచ్చింది. బాధితుడి కులం ఆ రాష్ట్ర జాబితాలో లేకపోయినా 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుందన్నది. హిమాచల్ కోర్టులు దానికి కట్టుబడి ఉండాల్సిన పనిలేదు, కానీ వాదించడానికి బలమైన ఆధారం. మూల ధ్రువపత్రం, దాని నకళ్ళు దగ్గరుంచుకోవడం అందుకే.

ఇల్లు, భూమి

1917లో బరోడా వెళ్ళిన అంబేడ్కర్‌కి ఉద్యోగం ఉంది, ఇల్లు దొరకలేదు. పారశీ పేరుతో సత్రంలో దిగితే అక్కణ్ణుంచీ వెళ్ళగొట్టారు. కాలం మారిందంటారు. 2015లో సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ చుట్టుపక్కల నగరాల్లో అద్దె ఇళ్ళ మీద చేసిన అధ్యయనం, పేరు వినగానే తలుపులు మూసుకోవడం ఎట్లా జరుగుతుందో చూపింది. తెలుగు పేరులో ఇంటిపేరు ఒక పొడి అక్షరమై దాక్కుంటుంది కాబట్టి ఉత్తరాది ఇంటివాడికి కులం పట్టుబడదు. అందుకే పూర్తి పేరేమిటి, మీరు ఏమవుతారు, మాంసం తింటారా అని అడుగుతాడు. జవాబు ఏం చెప్పాలన్నది ఎవరి ఇష్టం వారిది. సంస్థ క్వార్టర్సు ఇస్తుందా, ఎన్నాళ్ళు ఇస్తుంది అన్నది మాత్రం చేరకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

కొనుక్కుని స్థిరపడదామంటే, 1972 నాటి హిమాచల్ కౌలుదారీ, భూసంస్కరణల చట్టంలోని 118వ సెక్షను అడ్డొస్తుంది. వ్యవసాయదారు కానివాళ్ళకి ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి బదిలీ చెల్లదు. మన ఏజెన్సీలో 1/70 లాంటిది. కాకపోతే ఇక్కడ గీత గిరిజనుడికీ గిరిజనేతరుడికీ మధ్య ఉంటుంది, అక్కడ రైతుకీ రైతు కానివాడికీ మధ్య. బయటి డబ్బు కొండ రైతుల భూముల్ని మింగకుండా ఇది ఆపింది, మనం తప్పుపట్టనక్కర్లేదు. భూమిలేని షెడ్యూల్డ్ కులాలవారికి అందులో మినహాయింపు ఉంది. మన హోదా అక్కడ చెల్లదు కాబట్టి ఆ మినహాయింపు మనదని లెక్కేసుకోవద్దు.

దేవభూమి అన్న మాట

హిమాచల్‌ని దేవభూమి అంటారు, కొండ మనుషులు అమాయకులంటారు. 2011 లెక్కల్లో ఆ రాష్ట్ర జనాభాలో షెడ్యూల్డ్ కులాలు 25 శాతం పైనే. పంజాబ్ తర్వాత ఇంత నిష్పత్తి ఇంకెక్కడా లేదు. ప్రతి నలుగురిలో ఒకరు దళితులున్న చోట, 2018లో కుల్లూ జిల్లా బడిలో ప్రధానమంత్రి ప్రసంగం చూపించేటప్పుడు దళిత పిల్లల్ని విడిగా కూర్చోబెట్టారన్న ఫిర్యాదు వచ్చింది. ఆ ఏడే సెప్టెంబరులో సిర్మౌర్ జిల్లాలో దళిత న్యాయవాది, కార్యకర్త కేదార్ సింగ్ జిందాన్‌ని చంపేశారు. ఇవి గ్రామాల సంగతులు, నగరం వేరు అనవచ్చు. సిమ్లాలో ఇళ్ళున్నవాళ్ళలో, ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళలో చాలామంది ఆ గ్రామాల నుంచి వచ్చినవాళ్ళే.

అట్లాగని పోవద్దనడం మా ఉద్దేశం కాదు. పోవాలి. ఆ గ్రంథాలయాలు మనవి, ఆ ఫెలోషిప్పులు మనవి, ఆ చల్లగాలి కూడా మనదే. పోయేముందు మాల్ రోడ్డు మీది మనిషిని ఒక్కణ్ణే అడక్కుండా, మెట్లు దిగి కృష్ణానగర్ దాకా వెళ్ళి అడగాలి. సంస్థలో షెడ్యూల్డ్ కులాల సెల్ ఉందా, రోస్టరు చూపిస్తారా, అంతకుముందు అక్కడ పనిచేసిన మనవాళ్ళు ఎందుకు వెళ్ళిపోయారు అని అడగాలి. తెలుసుకున్నది రాసి పెట్టాలి. కారంచేడు నుంచి నడిచినవాళ్ళకి ముందు వెళ్ళినవాళ్ళ ఉత్తరం ఏదీ లేదు. మన తర్వాత ఆ కొండ ఎక్కేవాళ్ళకి అది ఉండాలి.