నల్లరాతి గోతుల్లో కోడూరు పేరు

సంపాదకులు అడిగింది పాడుబడిన గనుల్లో సాహసయాత్ర. కథనం శుక్రవారానికల్లా చేతికివ్వాలి. నా మనసు మాత్రం ఓ పాత గ్రంథానికి అతుక్కుపోయింది. దేశంలోని మాంగనీస్ నిక్షేపాలపై భూగర్భశాస్త్రవేత్త లూయిస్ లీ ఫెర్మర్ దాన్ని రాయగా, 1909లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వెలువరించింది. వెయ్యి పేజీలు దాటిన ఆ గ్రంథంలో చీపురుపల్లి ప్రాంతపు కోడూరు, గర్భాం, గరివిడి కనిపిస్తాయి. కోడూరు రాతికి ఆయన పెట్టిన పేరు కోడూరైట్. విజయనగరం జిల్లా పల్లె పేరు అలా ప్రపంచ శిలాశాస్త్రంలోకి ఎక్కింది.

స్థలం చూసుకునేవారి అనుమతి తీసుకుని, భూగర్భశాస్త్రం చదివిన ఓ మిత్రుడితోపాటు నలుగురం గరివిడి దగ్గర వదిలేసిన గోతికి వెళ్లాం. సొరంగం కాదు, పైనుంచి తవ్వుకుంటూ దిగిన గని. అడుగున నీళ్లు, చుట్టూ ముళ్లపొదలు, తవ్విపోసిన దిబ్బలు.

“అంచుకెళ్లకండి బాబూ, కింద డొల్లయిపోనాది” అని మేకలు కాసుకునే పెద్దాయన కేకేశాడు. దూరం నుంచే చూశాం. గోడలో తెల్లటి మెత్తని మట్టి, పసుపు మట్టి, వాటి నడుమ నల్లని పట్టీలు. కోడూరైట్‌లోని ఫెల్స్‌పార్ ఖనిజం యుగాల తరబడి శిథిలమైతే మిగిలేది ఆ తెల్లమట్టే. ఆ రాతిలోనే ఉండే గార్నెట్‌లో మాంగనీస్ ఉంటుంది.

దిబ్బ మీద ఓ నల్లరాయి దొరికింది. పట్టుకుంటే వేళ్లకు మసి. మిత్రుడు దారానికి కట్టిన అయస్కాంతాన్ని దగ్గరికి తెచ్చాడు. ఠక్కున అతుక్కుంది! ఫెర్మర్ తన సహోద్యోగి వ్రెడెన్‌బర్గ్ పేరు పెట్టిన ఖనిజానికీ ఇదే గుణం. దాన్ని ఆయన నాగ్‌పూర్ ప్రాంతపు బెల్డోంగ్రిలోనూ, మన గరివిడిలోనూ గుర్తించారు. “ఇదీ అదేనా?” అంటే, “ల్యాబ్‌లో చూడందే చెప్పను” అన్నాడు మిత్రుడు. ఆ జవాబు నాకు నచ్చింది.

కోడూరైట్ శిలాద్రవం గడ్డకట్టి పుట్టిందని ఫెర్మర్ వాదన. శిలాద్రవం పాత మాంగనీస్ అవక్షేపాలతో కలిసి పుట్టిందని తర్వాతివారు కొందరన్నారు. ఆ తగవుకు సాక్ష్యం ఈ గోడలే.

చరిత్ర క్లుప్తంగా: దేశంలో మాంగనీస్ తవ్వకం 1892లో ఈ ప్రాంతంలోనే మొదలైంది. తర్వాత విజయనగరం మైనింగ్ కంపెనీ వచ్చింది. ఖనిజం విశాఖ రేవు మీదుగా ఓడలెక్కింది. స్వాతంత్ర్యం వచ్చాక గరివిడిలో ఫేకర్ సంస్థ ఫెర్రో మిశ్రమలోహాల కర్మాగారం వెలిసింది.

ఈ గోతులను సాహసయాత్రల జాబితాలో చేర్చడం నాకిష్టం లేదు. జాతీయ భూవైజ్ఞానిక స్మారకాల్లో మంగంపేట బెరైటీస్‌కు, విశాఖ ఎర్రమట్టి దిబ్బలకు చోటుంది. కోడూరుకూ ఉండాలి. కనీసం ఒక్క గోడనైనా చెత్తతో పూడ్చకుండా కంచె వేసి, పక్కన తెలుగులో ఫలకం పెట్టాలి.

వెళ్లాలనుకుంటే
అనుమతి లేకుండా వెళ్లొద్దు. గోతి నీళ్లలో దిగొద్దు, లోతు పైకి తెలియదు. వానాకాలంలో అంచులు విరిగిపడతాయి. మాంగనీస్ దుమ్ము దీర్ఘకాలం పీల్చితే నాడీవ్యవస్థ దెబ్బతినొచ్చు, అందుకే రాళ్లు పొడిచేసి ఆడొద్దు.

మాంగనీస్ దేనికి?
ఎక్కువ భాగం ఉక్కు తయారీకి. ఉక్కులో ఆక్సిజన్, గంధకం చేసే చేటును తగ్గించి, గట్టిదనం పెంచుతుంది.