సేవకూ కావాలి సీఈఓ!

నలుగురికీ మేలు చేద్దామని ఓ పెద్దాయన సంస్థ పెడతారు. చిన్న అద్దె గదిలో మొదలైన పని పది జిల్లాలకు పాకుతుంది. చూస్తుండగానే పాతికేళ్లు గడిచిపోతాయి. ఆయన జుట్టు నెరుస్తుంది, ఓపిక తగ్గుతుంది. అప్పుడు ముందుకొస్తుంది అసలు ప్రశ్న... ఆయన తర్వాత ఎవరు?

కంపెనీలకైతే అధిపతుల్ని వెతికిపెట్టే సంస్థలు బోలెడు. స్వచ్ఛంద సంస్థలకు ఆ వెసులుబాటు తక్కువ. అందుకే సమర్థుడైన వారసుడు దొరక్క మంచి సంస్థలెన్నో వెలవెలబోతుంటాయి. వాటినే నమ్ముకున్న పిల్లలూ రోగులూ రైతులూ దిక్కులేనివాళ్లవుతారు.

జీతమెందుకంటే...

‘సేవ చేసేవాళ్లకు జీతమేమిటి?’ అనేవాళ్లు మనలో చాలామందే. కానీ కోట్ల రూపాయల విరాళాలనూ వందలమంది సిబ్బందినీ సంభాళించాలంటే అనుభవం కావాలి. ఆ అనుభవం ఉన్నవారికీ ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఉంటాయిగా! దీనికితోడు 2020లో చట్టాన్ని సవరించి, విదేశీ విరాళాల్లో పరిపాలన ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి తగ్గించారు. మరోపక్క, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు లాభాల్లో రెండు శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలన్న నిబంధన 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. డబ్బిచ్చేవారు పక్కాగా లెక్కలు అడుగుతారు. ఆ లెక్క చెప్పగల నాయకుడు ఉండి తీరాలి.

బయటివారా... లోపలివారా?

విప్రోలో మానవ వనరుల విభాగాన్ని నడిపించిన దిలీప్ రంజేకర్, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ తొలి సీఈఓ అయ్యారు. ‘ప్రథమ్’ది మరో దారి. 1995లో ముంబయిలో మొదలైన ఆ సంస్థ పగ్గాలను మాధవ్ చవాన్ తర్వాత 2015లో అందుకున్న రుక్మిణీ బెనర్జీ, అప్పటికే ఏళ్ల తరబడి అందులో పనిచేసినవారే. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనూ అంతే. వ్యవస్థాపకులు డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు తర్వాత బాధ్యతలు తీసుకున్న డాక్టర్ ప్రశాంత్ గార్గ్ ఆ సంస్థలోని వైద్యులే.

ఎవరొచ్చినా సంస్థ నిలవాలి. అందుకు 108 సేవలే ఉదాహరణ. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈఎంఆర్ఐకి కార్పొరేట్ అనుభవమున్న వెంకట్ చంగవల్లి అప్పట్లో సీఈఓగా ఉండేవారు. 2009 జనవరిలో సత్యం ఖాతాల బాగోతం బయటపడి, వ్యవస్థాపకుడు రామలింగరాజు జైలుకెళ్లారు. అయినా అంబులెన్సులు ఆగలేదు. పని నడిపే బృందం ఉంది, ప్రభుత్వ నిధుల ఆసరా ఉంది. ఆ ఏడాదే జీవీకే సంస్థ బాధ్యత తీసుకుంది.

బోర్డంటే అలంకారమా?

2001 నాటి చట్టం ప్రకారం తెలుగు రాష్ట్రాల్లో సొసైటీ పెట్టాలంటే కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఆ లెక్క సరిపోవడానికి భార్య, బావమరిది, బాల్య స్నేహితుడి పేర్లు రాసేస్తుంటారు కొందరు. సమావేశంలో టీ తాగి సంతకం పెట్టడమే వాళ్ల పని! మంచి బోర్డులో జమాఖర్చులు చదవగలిగేవారు, చట్టం తెలిసినవారు, క్షేత్రస్థాయిలో పనిచేసినవారు... అందరూ ఉండాలి. సాయం పొందే వర్గం నుంచీ ఒకరుంటే మరీ మంచిది. ‘ఈ డబ్బు ఎటు పోయింది?’ అని మొహమాటం లేకుండా అడగడం, తర్వాతి సీఈఓను సకాలంలో ఎంచుకోవడం వాళ్ల ప్రధాన బాధ్యతలు.

ఎంపిక ఇలా...

* రాబోయే మూడేళ్లలో ఏం సాధించాలో ముందే రాసుకోవాలి. దాన్నిబట్టే మనిషిని వెతకాలి.
* ఒక్క ఇంటర్వ్యూతో తేల్చేయకూడదు. రెండ్రోజులు పల్లెల్లో, బస్తీల్లో తిప్పాలి. ఎదుటివాళ్లు చెప్పేది వింటున్నారా, ఉపన్యాసమే ఇస్తున్నారా అన్నది అక్కడ తెలిసిపోతుంది.
* జీతమెంతో మొదటే చెప్పేయాలి.
* కొత్తవారు వచ్చాక వ్యవస్థాపకుల పాత్ర ఏమిటో కాగితం మీద పెట్టాలి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా!

మీరూ చేరొచ్చు

బ్యాంకులో, ప్రభుత్వ కొలువులో రిటైరైనవారి అనుభవం ఇలాంటి బోర్డులకు ఎంతో విలువైనది. కార్పొరేట్ ఉద్యోగాల నుంచి ఇటు రావాలనుకునే సీనియర్లకు శిక్షణనిచ్చే ఐఎల్ఎస్ఎస్ లాంటి సంస్థలూ ఉన్నాయి. అయితే ‘సరే’ అనే ముందు ఆ సంస్థ మూడేళ్ల ఆడిట్ నివేదికలు చూడాలి. బోర్డు ఏడాదికెన్నిసార్లు కూర్చుంటోందో అడగాలి. అక్కడ ఓ పూట గడిపి, సిబ్బందితో మాట్లాడాలి. బోర్డులో చోటంటే గౌరవమే కాదు, బాధ్యత కూడా. తప్పు జరిగితే ‘నాకు తెలియదు’ అంటే కుదరదు.

విరాళమిచ్చేటప్పుడు కూడా రసీదుతోపాటు మరో ప్రశ్న అడగండి... ‘మీ తర్వాత ఎవరు?’ అని. తడుముకోకుండా జవాబొస్తే ఆ సంస్థ పదికాలాలపాటు నిలుస్తుందని నమ్మొచ్చు.