ఆకుగూటి ఎర్రచీమ, బంబుల్ తేనెటీగ – ఒక తులనాత్మక పరిశీలన

ఆకుగూటి ఎర్రచీమ ఈకోఫిల్లా స్మరాగ్డినా, ఐరోపా బంబుల్ తేనెటీగ బాంబస్ టెరెస్ట్రిస్ రెండూ హైమెనోప్టెరా క్రమానికి చెందిన సంఘజీవులే. రెండింటిలోనూ ఫలదీకరణ చెందిన గుడ్ల నుండి ఆడవి, చెందని గుడ్ల నుండి మగవి జన్మిస్తాయి. పోలిక దాదాపు అంతటితో ముగుస్తుంది.

ఎర్రచీమల సమూహం బహువార్షికం. కొన్ని శ్రామికులు వరుసగా నిలిచి ఆకుల అంచులను దగ్గరకు లాగగా, మరికొన్ని డింభకాలను నోట కరచి పట్టుకొని, వాటి నుండి వెలువడే పట్టుదారంతో ఆ అంచులను అతుకుతాయి. ఒకే సమూహం పలు చెట్లపై అనేక గూళ్ళతో విస్తరించి లక్షల సంఖ్యకు చేరగలదు. బంబుల్ సమూహం సాధారణంగా ఒక్క ఏడాదిది. శీతకాలాన్ని నేలలో ఒంటరిగా గడిపిన రాణి, వసంతంలో పాడుబడిన ఎలుక కలుగు వంటి చోట గూడు పెట్టి తొలి సంతానాన్ని తానే సాకుతుంది. శ్రామికుల సంఖ్య కొన్ని వందలకే పరిమితం.

చీమ పరభక్షి. చైనాలో నారింజజాతి తోటల రక్షణకు దీనిని వినియోగించిన ప్రస్తావన క్రీ.శ. 304 నాటిదిగా చెప్పే గ్రంథంలో ఉన్నది. ఉత్తర ఆస్ట్రేలియా జీడిమామిడి తోటలలో ఇది టీ దోమను అదుపు చేసినట్లు నిరూపితమైంది. మన కోస్తా జీడితోటలలోనూ టీ దోమ ప్రధాన శత్రువే. అయితే తీపి ద్రవం కోసం ఈ చీమలు పిండినల్లిని, పొలుసు పురుగులను కాపాడుతాయి. పూలపై సంచరిస్తూ పరాగసంపర్క కీటకాలను బెదరగొట్టడమూ కద్దు. కోతకూలీలను కరచి, గాయంపై ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి. కనుక దీనిని ఏకపక్షంగా మిత్రపురుగుగా సిఫారసు చేయుట తగదు.

బంబుల్ తేనెటీగ ప్రత్యేకత ప్రకంపన పరాగసంపర్కం. టమాట పుప్పొడి పరాగకోశం లోపలే ఉండి, కుదిపినప్పుడే రాలుతుంది. ఈ ఈగ పువ్వును పట్టుకొని, రెక్కలు ఆడించకుండానే వక్షకండరాలను కంపింపజేస్తుంది. తేనెటీగకు ఈ నేర్పు లేదు. గాలి సోకని హరితగృహాలలో దీని వాణిజ్య వినియోగం 1980ల చివర ఐరోపాలో ఆరంభమైంది. కానీ చిలీలోకి తెచ్చిన ఈ జాతి అర్జెంటీనాకు వ్యాపించగా, అక్కడి స్థానిక జాతి బాంబస్ డాల్‌బోమీ క్షీణించింది. మన దేశానికి దిగుమతి ప్రతిపాదన వచ్చినప్పుడు హిమాలయ బంబుల్ జాతుల భద్రతను ముందుగా చూడవలెను.

దక్షిణ భారతంలో సహజంగా బంబుల్ జాతులు లేవు. విద్యార్థుల క్షేత్ర నివేదికలలో ఆ పేరుతో కనబడేది తరచు మన తుమ్మెద, అనగా జైలోకోపా. దాని ఉదరం పైభాగం నున్నగా మెరుస్తుంది. బంబుల్‌కు ఒళ్ళంతా దట్టమైన నూగు. ఎండుకొయ్యలోనూ వెదురులోనూ గూడు తొలిచే ఈ తుమ్మెద కూడా వంగ పూలను కంపింపజేయగలదు.