కార్డు అరువుకు నూటికి మూడున్నర వడ్డీ

వరంగల్ ఎనుమాముల మార్కెట్ వర్తకులకు గడువు అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కర లేదు. ఖరీదుదారు సరుకు ఎత్తి, ఒప్పుకున్న నాటికి అడ్తిదారుకు సొమ్ము ముట్టజెబితే వాడుక నిలుస్తుంది. తప్పితే మిత్తి మొదలవుతుంది. క్రెడిట్ కార్డు కూడా ఇటువంటి అరువే. అయితే గడువు తప్పితే దాని లెక్క బజారు లెక్కకంటె కఠినమైనది.

రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జతచేసుకునే వీలు 2022లో కలిగింది. అప్పటినుంచి పెట్రోలు, మందులే కాక కిరాణా కొట్టులో ఉప్పు, పప్పు సైతం ఫోనుతో కార్డు మీద కొనవచ్చు. చేతినుంచి నోటు కదలదు గనుక ఇంటి ఖర్చు పెరిగిన సంగతి బిల్లు వచ్చేదాకా తెలియదు.

నెల ఖర్చంతటికీ ఒక తేదీన బిల్లు తయారవుతుంది. చెల్లింపుకు సాధారణంగా ఆపైన రెండు, మూడు వారాల గడువు ఉంటుంది. బిల్లు పడిన మరునాడు కొన్న వస్తువుకు సుమారు నెలన్నర గడువు దొరుకుతుంది. బిల్లుకు ముందు రోజు కొన్నదానికి ఆ రెండు, మూడు వారాలే. మొత్తం బిల్లు చెల్లించినవారికి వడ్డీ లేదు.

చిక్కంతా ‘కనీస చెల్లింపు’ అనే అంకెలో ఉన్నది. 40,000 రూపాయల బిల్లుకు 2,000 మాత్రమే కట్టారనుకుందాం. నిలువ 38,000. పలు కార్డులపై వడ్డీ నెలకు నూటికి మూడున్నర, అనగా సాలుకు 42. ఆ లెక్కన ఒక నెల వడ్డీ 1,330; దానిపై 18 శాతం జి.ఎస్.టి. 239, వెరసి 1,569. మరునెల మరో 2,000 కట్టినా అసలులో తగ్గేది 431 రూపాయలే. ఇంతేగాక వడ్డీని కొన్న తేదీనుంచే లెక్కిస్తారు. బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీలేని గడువు ఉండదు. బజారులో నూటికి రెండంటేనే వెనుకాడే వర్తకుడు ఇక్కడ మూడున్నర ఇస్తున్నాడన్న మాట.

సాలుకు 30 శాతం మించరాదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసింది. కనుక ఆ కట్టుబాటును నమ్ముకోరాదు.

పత్తి, మిర్చి సీజనులో చేతిలో సొమ్ము ఆడుతుంది; వానాకాలంలో రాబడి పలచబడినా ఇంటి ఖర్చు ఆగదు. బాకీ పేరుకునేది ఆ నెలలలోనే. అందుచేత కార్డును ఇంటి ఖర్చుకే ఉంచి, దుకాణం పెట్టుబడిని దానితో కలపరాదు. గీసిన రోజే ఆ మొత్తాన్ని చిట్టాలో ఖర్చు రాసి, అంత సొమ్ము పక్కన పెట్టాలి. కార్డుపై నగదు తీయరాదు. దానికి రుసుముతోపాటు తీసిన నాటినుంచే వడ్డీ పడుతుంది. బిల్లు తేదీని కనీసం ఒకసారి మార్చుకునే వీలును రిజర్వు బ్యాంకు కల్పించింది గనుక, సొమ్ము చేతికందే రోజులకు దానిని సర్దుకోవచ్చు.

ఇప్పటికే బాకీ పడినవారు ముందు కార్డు వాడకం ఆపి, తక్కువ వడ్డీకి బ్యాంకు రుణం దొరికితే దానితో తీర్చుకోవడం మేలు. కార్డు వాయిదా తప్పిన సంగతి సిబిల్ వంటి సంస్థల రికార్డులో చేరుతుంది. రేపు దుకాణం క్యాష్ క్రెడిట్ పరిమితి పునరుద్ధరణకు వెళ్లినప్పుడు బ్యాంకు యజమాని రికార్డును కూడా చూస్తుంది.