టప్‌... టప్‌... టప్‌!

టీచరు బోర్డు మీద రాస్తుంటే వెనక నుంచి 'టప్‌'మని చప్పుడు. కాసేపటికి మళ్లీ. ఒకటో తరగతి పాప డెస్కు మూత తీస్తోంది, వేస్తోంది. పుస్తకానికోసారి, పెన్సిలుకోసారి, రబ్బరుకోసారి. ఇంట్లో బల్లకేమో సొరుగు లాగాలి, ఇక్కడ మూత పైకి లేస్తుంది. ఆ సరదా తీరేదెలా! మందలిస్తే కిటికీ దగ్గర నిలబడి, దారినపోయే బాజాల వాళ్లని పిలిచింది. ఇంకేం, క్లాసంతా కిటికీ దగ్గరే. గూడు కడుతున్న పిట్టలనూ వదల్లేదు... ఏం చేస్తున్నారంటూ గొంతెత్తి పలకరింపులు. చివరికి టీచరు అమ్మను పిలిపించి, పాపను వేరే బడికి తీసుకెళ్లమన్నారు.

ఆ అల్లరి పిల్లే టోటోచాన్‌. జపాన్‌ నటి తెత్సుకో కురొయనాగి తన చిన్నతనాన్నే 1981లో ఇలా పుస్తకంగా తెచ్చారు. తెలుగులో 'రైలుబడి' అయింది. చిహిరో ఇవాసాకి నీటిరంగుల బొమ్మలు దీనికి ప్రాణం. నిజానికి ఆమె 1974లోనే కన్నుమూశారు. ఆమె వేసి ఉంచిన పిల్లల బొమ్మల్లోంచి ఏరి పెట్టినవే ఇవన్నీ!

కొత్త బడి తొమోయెలో పాత రైలుపెట్టెలే తరగతి గదులు. హెడ్మాస్టరు కొబయాషి తొలిరోజే పాప చెప్పే కబుర్లన్నీ నాలుగు గంటలు విన్నారు. ఓసారి పర్సు మరుగుదొడ్లో పడిపోతే టోటోచాన్‌ గరిటె పట్టి గుంటలోదంతా బయటకి తోడి కుప్ప పోసింది. చూసిన హెడ్మాస్టరు అరవలేదు. పనయ్యాక అంతా మళ్లీ లోపల వేసేయమన్నారంతే.

మన కోస్గికి రైలు లేదు. పాలమూరు పల్లెల్లో వలసంటే గుర్తొచ్చేది బొంబాయి బస్సే. అమ్మానాన్నలతో పనికి పోయి నెలల తర్వాత తిరిగొచ్చిన పిల్లాడికి పాఠం అందదు. దిక్కులు చూస్తాడు, పక్కవాణ్ని గిచ్చుతాడు. 'సార్‌, వీడు సతాయిస్తున్నడు' అని ఫిర్యాదు. అల్లరోడని పేరు పడిపోతుంది. 2010 ఏప్రిల్‌ 1న అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌ పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అంటోంది. సరే, బెత్తం పక్కన పెట్టాక ఏం చేయాలి? కొబయాషి బడిలో పిల్లలు యాభైమంది. రెండు తరగతుల్ని ఒకే గదిలో కూచోబెట్టుకున్న సారు ఒక్కొక్కరి కబుర్లు నాలుగేసి గంటలు వినమంటే అయ్యే పని కాదు. నాలుగు నిమిషాలు వినొచ్చు. పిల్లాడు ఇన్నాళ్లూ ఎక్కడున్నాడో, ఏం చూశాడో ఆ కాస్త సమయంలోనే తెలుస్తుంది.

అన్నట్టు, మొదటి బడిలోంచి పంపేశారన్న సంగతి టోటోచాన్‌కు ఇరవై ఏళ్లు దాటేదాకా తెలియదు. కొత్త బడికి వెళదామా అని మాత్రమే అడిగింది వాళ్లమ్మ.