డోప్‌స్మోకర్ (ఆల్బము)

డోప్‌స్మోకర్ అమెరికా దేశమునకు చెందిన స్లీప్ అను రాక్ సంగీత బృందము యొక్క ఆల్బము. ఇది 1996లో రికార్డు చేయబడినది, కాని బృందము కోరుకున్న రూపములో 2003లో మాత్రమే వెలువడినది. సుమారు 63 నిముషాల నిడివి గల ఒకే ఒక్క పాట ఇందులోని ప్రధానాంశము. స్టోనర్ రాక్, డూమ్ మెటల్ అను శాఖలలో ఇది ప్రామాణిక రచనగా పరిగణింపబడుచున్నది. సంగీత కంపెనీ విడుదల చేయుటకు అంగీకరించని ఈ పాట వలననే స్లీప్ బృందము విడిపోయినది.

స్టోనర్ రాక్ అనగా

ఎలక్ట్రిక్ గిటారుపై మరల మరల వాయించే చిన్న స్వర సముదాయమును రిఫ్ అంటారు. పాశ్చాత్య రాక్ సంగీతములో చాలా పాటలకు రిఫ్ ఆరంభము మాత్రమే. గాయకుడు అందుకోగానే అది వెనుకకు పోతుంది. స్టోనర్ రాక్‌లో రిఫే పాట. గతి నిదానముగా ఉంటుంది, శ్రుతి మంద్రముగా ఉంటుంది, గిటారు నాదము ఫజ్ అను పరికరము వలన గరగరలాడుతూ మందముగా వినిపిస్తుంది. దీనికి 1960ల నాటి సైకెడెలిక్ సంగీతపు కలగన్నట్టి ధోరణి తోడవుతుంది. "స్టోనర్" అనగా వాడుక ఇంగ్లీషులో గంజాయి మత్తులో ఉండేవాడు అని అర్థము. ఈ శాఖకు చెందిన సంగీతకారులలో పలువురు ఆ పేరును ఇష్టపడరు, అయినా అదే స్థిరపడిపోయినది.

దీని మూలము ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరానికి చెందిన బ్లాక్ సబ్బాత్ బృందము. ఆ బృందపు గిటారిస్టు టోనీ అయోమీ యువకుడిగా ఉన్నప్పుడు రేకుల కర్మాగారములో జరిగిన ప్రమాదములో కుడి చేతి రెండు వేళ్ళ కొనలు కోల్పోయాడు. అతడు ఎడమచేతి వాటము వాడు కనుక తీగలను నొక్కవలసినది ఆ చేతితోనే. తీగలు వదులుగా ఉంటే నొక్కుట సులభము. అందుచేత 1971 నాటి మాస్టర్ ఆఫ్ రియాలిటీ ఆల్బములో శ్రుతిని బాగా తగ్గించాడు. నాదము బరువెక్కినది. ఆ తరువాత 1990ల ఆరంభములో కాలిఫోర్నియాలోని పామ్ డెజర్ట్ ప్రాంతపు క్యూస్ బృందము ఈ నాదమును ఎడారి బయళ్ళలో జనరేటర్లు పెట్టుకొని వాయించి కొత్త తరానికి అందించినది. 1992లో వచ్చిన వారి బ్లూస్ ఫర్ ద రెడ్ సన్ ఈ శాఖలో మొదట వినదగిన ఆల్బము. డోప్‌స్మోకర్‌తో మొదలుపెట్టిన వారు చాలామంది పది నిముషాలకే ఆపివేస్తారు.

ఆల్బము చరిత్ర

స్లీప్ బృందము 1990లో కాలిఫోర్నియాలోని సాన్ హోసే నగరములో ఏర్పడినది. అల్ సిస్నెరోస్ (బేస్ గిటారు, గాత్రము), మాట్ పైక్ (గిటారు), క్రిస్ హకియస్ (డ్రమ్స్) ఇందులోని ముఖ్య సభ్యులు. తొలినాళ్ళలో ఉన్న మరొక గిటారిస్టు జస్టిన్ మార్లర్ బృందమును వీడి క్రైస్తవ సన్యాసిగా మారాడు. 1992లో వెలువడిన స్లీప్స్ హోలీ మౌంటెన్ వీరికి పేరు తెచ్చినది. ఆ తరువాత లండన్ రికార్డ్స్ అను పెద్ద కంపెనీతో ఒప్పందము కుదిరినది. ముందుగా ఇచ్చిన సొమ్ములో అధిక భాగము యాంప్లిఫయర్లకు, గంజాయికి ఖర్చయినదని ప్రతీతి.

అప్పటికే బృందము ఒక పాటను కొన్ని సంవత్సరాలుగా సాధన చేస్తూ ఉన్నది. సాధన జరిగే కొద్దీ పాట పొడవు, బరువు రెండూ పెరిగినవి. 1996లో బిల్లీ ఆండర్సన్ పర్యవేక్షణలో రికార్డింగు జరిగినది. అప్పటి టేపు రీలు ఒకటి సుమారు 22 నిముషాలు మాత్రమే పట్టేదని, అందువలన పాటను మూడు భాగాలుగా వాయించి కలుపవలసి వచ్చినదని పైక్ తరువాత చెప్పాడు. గంటకు పైబడిన పాటను కంఠస్థము చేసి, ఒక భాగము ఆగిన చోటనే అదే వేగముతో, అదే బిగువుతో తరువాతి భాగమును అందుకొనుట సామాన్యమైన పని కాదు. మత్తులో తోచినట్లు వాయించిన సంగీతమని దీనిని కొట్టివేసే వారు ఈ సంగతిని గమనించరు.

కంపెనీకి ఇది నచ్చలేదు. గంట సేపు సాగే ఒకే పాటను రేడియోలో వేయలేరు, అందులో నుండి ఒక ముక్కను విడిగా అమ్మలేరు. డేవిడ్ సార్డీ చేత శబ్దమిశ్రమము తిరిగి చేయించారు. దానితో బృందము తృప్తి పడలేదు. పాటను తగ్గించుటకు సభ్యులు ఇష్టపడలేదు, విడుదల చేయుటకు కంపెనీ ఇష్టపడలేదు. ఈ పెనుగులాటలో 1990ల చివర బృందము విడిపోయినది.

1999లో సుమారు 52 నిముషాల రూపము ఒకటి జెరూసలేం అను పేరుతో వెలువడినది. అందులో పాటను ఆరు ముక్కలుగా విభజించారు. 2003లో టీ పీ రికార్డ్స్ సంస్థ 63 నిముషాల రూపమును డోప్‌స్మోకర్ అను పేరుతో విడుదల చేసినది. 2012లో సదరన్ లార్డ్ సంస్థ నాదమును మెరుగుపరచి, అరిక్ రోపర్ గీసిన కొత్త ముఖచిత్రముతో మరల వెలువరించినది. 2022లో థర్డ్ మ్యాన్ రికార్డ్స్ మరొక ముద్రణ తెచ్చినది. ఒకే ఒకటి వినదలచిన వారికి 2012 నాటి రూపము అనువైనది. జెరూసలేం చెడ్డది కాదు గాని, నడుస్తున్న పాటకు ముక్కలు పెట్టుట దాని స్వభావమునకే విరుద్ధము.

పాట విషయము

సాహిత్యము చాలా తక్కువ. గంజాయిని ఆరాధించే ఒక కల్పిత జాతి ఎడారి గుండా బిడారుగా నజరేతు వైపు సాగిపోవుట ఇందలి ఇతివృత్తము. ఆ జాతికి వీడియన్లు అని పేరు. గంజాయికి ఇంగ్లీషులో ఉన్న వ్యావహారిక నామము నుండి బృందము ఈ మాటను పుట్టించినది. బైబిలు భాషను పోలిన గంభీరమైన పదాలతో ఇటువంటి కథ చెప్పుటలో హాస్యము ఉన్నది, కాని గాయకుడు ఎక్కడా నవ్వడు. అతడు క్రైస్తవ మఠాలలోని ప్రార్థనా గానము వలె ఒకటి రెండు స్వరాల చుట్టూనే పాడుతాడు.

ఈ ఆల్బమును ఆస్వాదించుటకు మాదకద్రవ్యము అవసరమనే మాట తరచు వినిపిస్తుంది. అది నిజము కాదు. దీని పట్టు అంతా నాదములోను, కాలములోను ఉన్నది. శ్రద్ధగా వినే చెవికి అది నేరుగా అందుతుంది.

వినే తీరు

మొదటి అడ్డంకి నిడివి కాదు, ఎదురుచూపు. సాధారణ పాటలో పల్లవి తరువాత చరణము వస్తుందని శ్రోత ఎదురుచూస్తాడు. ఇక్కడ ఎనిమిది నిముషాలు దాటే వరకు గాత్రమే రాదు. తొలుత గిటారు ఒంటరిగా మోగుతుంది, తరువాత బేస్, డ్రమ్స్ చేరుతాయి. ప్రధాన రిఫ్ తిరిగి తిరిగి వస్తున్నప్పుడు ఒకటే వినిపిస్తున్నట్లు తోచుట సహజము. అయితే డ్రమ్స్ ప్రతి ఆవృత్తములోను ఒకే విధముగా ఉండవు. తాళాల మీది దెబ్బలు ఎక్కడ పడుతున్నవో గమనించుట ఈ పాటలోనికి ప్రవేశించుటకు మంచి దారి. గిటారు మారదు అనిపించినప్పుడు హకియస్‌ను వినవలెను. పైక్ గిటారుపై విడిగా అల్లే వరుసలు పాటలో అక్కడక్కడ మాత్రమే వస్తాయి. చాలా సేపు మార్పు లేకుండా ఉండుట వలననే అవి అంత ఎత్తుకు లేచినట్లు తోస్తాయి.

రెండవది శ్రుతి. మామూలు గిటారులో అన్నిటికంటె మంద్రమైన తీగ సుమారు 82 హెర్ట్జ్ వద్ద పలుకుతుంది. స్లీప్ బృందము తీగలను నాలుగు అర్ధస్వరాలు దించి వాయిస్తుంది. అప్పుడు ఆ తీగ 65 హెర్ట్జ్ వద్ద, బేస్ గిటారు తీగ 33 హెర్ట్జ్‌కు కొంచెము దిగువన పలుకుతాయి. మొబైలు ఫోనులోని చిన్న స్పీకరు ఇంత మంద్రమైన నాదమును దాదాపు పలికించలేదు. అటువంటి దానిపై విని పాట పలుచగా ఉన్నదనుట న్యాయము కాదు. మంచి హెడ్‌ఫోనులు గాని, పెద్ద స్పీకర్లు గాని కావలెను. వాల్యూము మాత్రము చెవులకు హాని కలుగని మేరకే ఉంచుకొనవలెను.

తంబూరా శ్రుతికి అలవాటు పడిన వారికి ఇందులోని ఒక లక్షణము తొందరగా పట్టుబడుతుంది. ఆధార స్వరము విడువకుండా మోగుతూ ఉంటే, దానిపై వచ్చే చిన్న మార్పు కూడ పెద్దదిగా వినిపిస్తుంది. అయితే తంబూరా గాయకునికి నేపథ్యము. ఇక్కడ ఆ మోతయే ముందుకు వచ్చి నిలుస్తుంది. సిస్నెరోస్, హకియస్ కలిసి 2003 ప్రాంతములో గిటారు లేకుండా మరొక బృందమును స్థాపించి, దానికి ఓం అని పేరు పెట్టుకున్నారు. 2009 నాటి ఓం బృందపు గాడ్ ఈజ్ గుడ్ ఆల్బములో తంబూరాయే వినిపిస్తుంది.

తరువాతి కాలము

పైక్ 1998లో హై ఆన్ ఫైర్ అను వేగమైన మెటల్ బృందమును స్థాపించాడు. ఆ బృందమునకు 2019లో గ్రామీ పురస్కారము లభించినది. జిమ్ జార్ముష్ 2005లో తీసిన బ్రోకెన్ ఫ్లవర్స్ చిత్రములో డోప్‌స్మోకర్‌లోని కొంత భాగము వాడబడినది. స్లీప్ బృందము 2009లో తిరిగి కలిసినది. మరుసటి సంవత్సరము హకియస్ తప్పుకొనగా న్యూరోసిస్ బృందపు జేసన్ రోడర్ డ్రమ్స్ వాయించుటకు చేరాడు. 2018 ఏప్రిల్ 20న ముందస్తు ప్రకటన ఏదీ లేకుండా ద సైన్సెస్ అను కొత్త ఆల్బము విడుదలయినది. 2003 నాటి డోప్‌స్మోకర్ చివర కచేరీ రూపములో చేర్చిన సోనిక్ టైటన్ పాటకు స్టూడియో రూపము ఇందులో ఉన్నది.